అరకిలో ఇసుక

చేపల వేలంపాట జరిగిన పాత హాలు ఇది.
ఎన్నిసార్లు కడిగినా
సిమెంటు నేల సార్డీన్ల వాసన మరిచిపోదు.
ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో
పదకొండు కుర్చీలు, పదకొండు మంది ముసలివాళ్ళం.
నేను మొదట వచ్చింది కాఫీ కోసం.
అబద్ధమెందుకు, హీటరు కోసం కూడా.

జుల్మీరాని కూతురు లాక్కొచ్చింది.
నలభై ఏళ్ళు తల మీద చేపల తట్ట మోసిన మనిషి.
ముప్ఫై కిలోలు, మెడ మీదికి కారే ఉప్పునీళ్ళు,
రేవు నుంచి పైకి రాళ్ళు పరిచిన వీధి,
రెండు చేతులూ నడుమ్మీదే.
తట్ట ఒరిగేది కాదు, కబుర్లు ఆగేవి కావు.

అలాంటిది మొన్న చలికాలం
వంటింట్లో, చదునైన గచ్చు మీద,
నెత్తిన ఏ బరువూ లేకుండా పడింది.
రెండు గంటలు అక్కడే.
ఫ్రిజ్ కింద ఎప్పుడో పోయిన బొత్తాం కనిపించిందట.
"చెయ్యి చాపితే అందలేదు ఫిర్మీనో,
బొత్తాం కూడా నన్ను చూసి నవ్వింది."

పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారంటారు.
తుంటి ఎముకకి ఆ సామెత ఎవరు చెప్పాలి?

మార్సియా, మా మనవరాళ్ళ ఈడు పిల్ల,
మోకాళ్ళ మీద కూచుని
ఆమె చీలమండకి ఇసుక సంచి కట్టింది.
"ఇదెంత?"
"అరకిలో."
జుల్మీరా పగలబడి నవ్వింది.
"మా పిల్లి ఇంతకంటే పెద్ద చేపని ఎత్తుకుపోయేది!"
కుర్చీలో కూచుని కాలు ముందుకి చాపింది.
ఒకటి. రెండు. మూడు.
అయిదోసారికి నవ్వు ఆగింది.
ఎనిమిదోసారికి మోకాలు
తెగబోయే పడవమోకులా వణికింది.
రేవులో తిట్టే తిట్టొకటి తిట్టింది,
వల చుట్టి అటక మీద పెట్టిన రోజు నుంచీ
నేను వినని తిట్టు.
నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత లేచి నిలబడ్డం.
చేతులు గుండెల మీద కట్టుకుని,
కుర్చీని పట్టుకోకుండా.
బతుకంతా కోడికంటే ముందు లేచినవాళ్ళం,
లేవడానికి లెక్కుంటుందని ఎవరికి తెలుసు?
పది. ఊపిరి తీసుకోండి. మళ్ళీ పది.

మర్నాడు తొడలు మండాయి.
చాలా కాలానికి
మందుల చీటీ లేని నొప్పి,
పనికి పోయొచ్చినవాడి నొప్పి.
చూడగానే గుర్తుపట్టాను.

నేల మీద నీలం టేపు అతికించారు.
వేళ్ళకి మడమ ఆనించి, అడుగులో అడుగు.
తుపానులో తూలని సరంగు బెర్నార్దీను
టేపు మీద తూలాడు.
గ్రసిందా మూడు వారాలు వచ్చింది,
నాలుగో వారం రాలేదు.
ఆమె కుర్చీ ఎవరూ తీయలేదు.
ఒంటికాలి మీద నిలబడేటప్పుడు
దాని వీపే పట్టుకుంటాను.

సంచి కిలో అయింది. తర్వాత కిలోన్నర.
మార్సియా అద్భుతాలేం చెప్పదు.
"కండ ముసలిదే, చెవిటిది కాదు.
గట్టిగా అడిగితే వింటుంది" అంటుంది, అంతే.

ఒక వానరోజు బస్సు దిగుతూ
జుల్మీరా బూటు రాతిగట్టుకి తగిలింది.
ఒళ్ళు ముందుకి పోయింది.
నా చెయ్యి అందేలోపే
ఆమె కాలు తనంతట తాను ముందుకొచ్చి
నేలని తన్నిపట్టుకుంది.
ఇద్దరం ఆ కాలికేసి చూస్తూ నిలబడ్డాం,
చెప్పకుండా పోయిన మనిషెవరో
చెప్పకుండానే గుమ్మంలోకి వచ్చినట్టు.
ఎవరికీ చెప్పొద్దంది.
గొడుగు సర్దుకుంది.

ఈ శుక్రవారం, అందరం కాఫీ దగ్గరుంటే,
తువ్వాలు మెలిపెట్టి చుట్టకుదురు చేసింది.
తల మీద అది, దాని పైన ఇసుక సంచి.
టేపు మీద బయల్దేరింది, చేతులు నడుమ్మీద.
సగం దూరంలో ఆగింది, ఒక కాలు గాల్లో.
సంచి కొంచెం ఊగింది.
కప్పుల్లో కాఫీ చల్లారుతోంది.
"చూస్తారేం?" అంది మెడ తిప్పకుండా,
"తాజా సార్డీన్లు. ఎవరిక్కావాలి?"